వదులు జడ

క్యాన్సర్ కాదమ్మా, అని డాక్టరమ్మ ఫోనులో అన్న క్షణానికి నీలిమ ఒక కాలు బస్సు మెట్టు మీదా ఇంకో కాలు మద్దిలపాలెం రోడ్డు మీదా పెట్టి ఉంది. వెనక ముసలాయన "ఎక్కుతావా, దిగుతావా తల్లీ, ఏటో ఒకటి తేల్చు" అంటున్నాడు, కండక్టరు లోపలినుంచి గాజువాక గాజువాక అని అరుస్తున్నాడు, ఆ రెండు గొంతుల మధ్యలోంచి డాక్టరమ్మ మాట కుండలో నీళ్ళలా చల్లగా లోపలికి దిగింది. క్యాన్సర్ కాదు. అత్తయ్యకి క్యాన్సర్ కాదు. కుడి చంకలో నిమ్మకాయంత లేచి, ఇంటిల్లిపాది గుండెల మీదా ఎక్కి కూర్చున్న ఆ బిళ్ళ ఉత్త వాపు, చీము పట్టిన వాపు, అంతే. నీలిమకి వెనక్కి తిరిగి ఆ ముసలాయన బుగ్గలు పుణకాలనిపించింది. ఎలా ఎక్కిందో తెలీదు, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది, అదీ ఎండ పడని వైపు. పక్క సీటు మీద ఎవరి ఒళ్ళోంచో రాలిన కనకాంబరం ఒకటి పడి ఉంది, అది కూడా తనకోసమే ఎవరో పెట్టి వెళ్ళినట్టుంది. బ్యాంకు కోచింగ్ పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని, ఫోను చెవికి గట్టిగా అదుముకుని, నవ్వుతోంది. అప్పుడు తెలిసింది డాక్టరమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉందని. "వింటున్నావా అమ్మా? ఒక్క మాట అడగాలి. మీ ఇంట్లో పిల్లి ఉందా?"

బస్సు కదిలింది. నవ్వు మాత్రం ముఖం మీద అలాగే ఉండిపోయింది, ఎవరో తుడవడం మరిచిపోయిన ముగ్గులా. మొదటిరోజే అడిగాను, ఆవిడ లేదన్నారు, అంటోంది డాక్టరమ్మ, సూది పరీక్షలో కనిపించిన ఈ రకం వాపు ఎక్కువగా పిల్లి గీరినప్పుడు వస్తుంది, టీబీలోనూ దాదాపు ఇలాగే ఉంటుంది, పిల్లి గీరిందని తెలిస్తే నాకు పని తేలిక, కొద్దిరోజుల మాత్రలు, రేపు సూదితో చీము లాగేస్తాం, తర్వాత అదే మెల్లగా కరిగిపోతుంది, లేదంటే మాత్రం టీబీ అనుకుని మళ్ళీ పరీక్షలు మొదలుపెట్టాలి, ఆ మందులు నెలల తరబడి మింగాలి, ఆ వయసులో కడుపు తట్టుకోవాలి కదా, కాబట్టి ఇంట్లో ఒకసారి సరిగ్గా కనుక్కో. నీలిమ అంది, "కనుక్కుని చెప్తానండీ." ఫోను పెట్టేశాక ఆ మాటే చెవిలో గింగురుమంది. కనుక్కోవాలట. ఎవర్ని కనుక్కోవాలి? ఆ పిల్లి పేరు తనకి తెలుసు, అది ఏ పక్కకి తిరిగి పడుకుంటుందో తెలుసు, గీరిన చోటు తెలుసు, గీరినప్పుడు తను ఎక్కడ నిలబడి నవ్వుతోందో కూడా తెలుసు.

కానీ ముందు మంచి కబురు చెప్పాలి కదా, ఇంట్లో వాళ్ళు ఒక్కో నిమిషం ఎలా ఈడుస్తున్నారో తనకి తెలీదా. భర్తకి ఫోను చేసింది. సాయిశంకర్ పోర్టులో కంటైనర్లు దింపేచోట పనిచేస్తాడు, ఎప్పుడు ఫోనెత్తినా వెనక ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడే. "కాదంటండీ, క్యాన్సర్ కాదంట" అంది. "నీలూ, మల్లీ సెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పింది. "ఇంకోసారి సెప్పు." ఇంకోసారి చెప్పింది. ఆ ఇనుప చప్పుడులో ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు, చివరికి ముక్కు ఎగబీల్చి, "సాయంత్రం వంజరం తెత్తాను, పెద్దది, మాయమ్మకి తలకాయ పులుసు, నీకు ముక్కలు, సరేనా" అన్నాడు. సరే అంది. ఆ సరే అనడంలో ఎంత హాయి ఉందో! ఇంటికి చేసింది. మావయ్య ఎత్తాడు. చెప్పింది. రమణమూర్తి ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర ఇన్నేళ్ళు పనిచేసి గట్టిగా అరిచి మాట్లాడటమే తప్ప మెల్లగా మాట్లాడటం ఎరగని మనిషి. ఆయన గొంతు ఇవాళ అగ్గిపుల్ల గీసినంత చప్పుడు కూడా చెయ్యలేదు. "నీ కాలు మంచిది తల్లీ" అన్నాడు. "నువ్వు మాయింట అడుగెట్టిన ఏల మంచిది. ఎవరేటన్నా సరే, నీ కాలు మంచిదే." తర్వాత ఫోను చేతులు మారింది. అత్తయ్య ఊపిరి వినిపించింది, పక్కనున్న మనిషికి వినబడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నట్టుంది. "అమ్మాయ్, ఇంకేటైనా అడిగినాదేటి డాక్టరమ్మ?" నీలిమ కిటికీలోంచి గురుద్వారా తెల్లగోడ వెనక్కి పోవడం చూసింది. "ఇంకేం లేదత్తయ్యా. రేపు రమ్మంది, అంతే." ఎంత సులువుగా వచ్చేసింది ఆ మాట! అబద్ధాలకీ అలవాటు పడతాయి కాబోలు పళ్ళూ నాలికా.

నీ కాలు మంచిది. మావయ్య ఆ మాట ఊరికే అనలేదు. కిందటివారం ఆయన అక్క కాసులమ్మ పరామర్శకి వచ్చి, వీధి గదిలో కూర్చుని, టీ తాగుతూ, వంటింట్లో ఉన్న నీలిమకి స్పష్టంగా వినపడేట్టు అంది, "కోడలు కాలెట్టి ఏడాది తిరగనేదు, అప్పుడే ఇంట్లో ఇలాటి జబ్బేటర్రా, సూసుకున్నారా లేదా జాతకాలూ?" గరిట చేతిలో అలాగే ఆగిపోయింది నీలిమకి. అప్పుడు అత్తయ్య, జ్వరంతో మంచం మీద పడుకునున్న అత్తయ్య, లేచి కూర్చుని మరీ అంది, "దాని కాలు మంచిదే వదినా, నా సంకకే కాలం బాగోనేదు." కాసులమ్మకి కూడా నవ్వు ఆగలేదు, టీ కొంగు మీద ఒలకబోసుకుంది. వంటింట్లో నీలిమ ఏడ్చింది, ఆ రోజు మాత్రం అత్తయ్య మీద ప్రేమతో ఏడ్చాననుకుంది. ఇప్పుడు తాటిచెట్లపాలెం దగ్గర సిగ్నల్లో ఆగిన బస్సులో కూర్చుని చూసుకుంటే ఆ ఏడుపులో ప్రేమ పాలెంతో భయం పాలెంతో తెలీడం లేదు. ఎందుకంటే కాసులమ్మ కాలు అంది గానీ, కాలు కాదు, చెయ్యి. తను చేత్తో అందించిన పిల్లి. జాతకాలు చూసేవాళ్ళెవరికీ దొరకనంత తిన్నగా ఆ జబ్బు తన చేతిలోంచే వెళ్ళింది అత్తయ్య చంకలోకి.

పిల్లి వచ్చిన రోజు ఎంత బావుందో. ఒకటే వాన. సాయిశంకర్ డ్యూటీ దిగి ఫిషింగ్ హార్బరులో చేపలు కొనుక్కొస్తానన్నవాడు, చేపల సంచి లేకుండా, రైన్‌కోటు లోపల పొట్ట ఎత్తుగా పెట్టుకుని, నీళ్ళు కారుతూ గుమ్మంలో నిలబడ్డాడు. "ఏటిది, ఒక్కరోజులో ఐదో నెలొచ్చీసినాదేటి మీకు" అంది నీలిమ. అతను జిప్పు లాగాడు. లోపల బూడిదరంగు పిల్లికూన, ఐసు పెట్టెల కింద తడిసి ముద్దయి, ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలంత సన్నగా, నెత్తళ్ళ వాసన వేస్తూ. అందుకే దానికి నెత్తళ్ళు అనే పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిచి నవ్వడానికే మేడ మీదకి వెళ్ళేవాళ్ళు ఇద్దరూ. కానీ ఆ ఇంట్లో పిల్లికి చోటు లేదు. రమణమూర్తి షిఫ్టుకి బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురైతే స్కూటరు మళ్ళీ స్టాండేసి, లోపలికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గ్లాసుడు నీళ్ళు తాగి, కుర్చీలో కాసేపు మాట్లాడకుండా కూర్చుని, అప్పుడు గానీ కదలడు. నిప్పు దగ్గర పని నాది, మీ ఆఫీసు పని కాదు, అంటాడు. అందుకని నెత్తళ్ళుని మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక అట్టపెట్టెలో దాచారు. దాచిన మర్నాడే అత్తయ్య కనిపెట్టేసింది. తిడుతుందనుకుంటే, చేపలమ్మే పోతమ్మ వచ్చినప్పుడు బుట్ట ముందు కూర్చుని, "తలకాయలు పారీకు, ఇలాగిచ్చీ, మా కోడలికి కొత్తగా ఆకలెక్కువైనాది" అంది, నీలిమ వైపు కన్నుగీటుతూ. అత్తగారు కన్నుగీటడం! ఆ సంగతి పుట్టింటికి ఫోను చేసి చెప్తే వాళ్ళమ్మ నమ్మలేదు.

కంచరపాలెం దాటుతుంటే ఒకమ్మాయి ఎక్కింది, నున్నగా దువ్వి, చెంపలు లాగినట్టు బిగుతుగా జడ వేసుకుంది. నీలిమ చెయ్యి దానంతటదే తన జడ మీదకి వెళ్ళింది. వదులుగా ఉంది. పొద్దున్న బయల్దేరేటప్పటికే సగం ఊడింది. పెళ్ళయి వచ్చిన రెండోరోజు పొద్దున్నే అత్తయ్య ఆదిలక్ష్మమ్మ దువ్వెనా నూనెగిన్నే పట్టుకుని గుమ్మంలో కూర్చుని, "నాకు ఆడపిల్లల్నేరమ్మా, నీ జుత్తు నాకొదిలీ" అని రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. అది మొదలు రోజూ అంతే. అత్తయ్య జడంటే జడ కాదు, మోకు. "అత్తయ్యా, నా కళ్ళు చెవుల దాకా పోతన్నాయి" అనేది నీలిమ. "పోనీ, మా వోడు సెవుల దగ్గరే ముద్దెట్టుకుంతాడు" అనేది అత్తయ్య, గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న సాయిశంకర్ చెప్పులు మార్చి వేసుకుని పారిపోయేవాడు. అలాంటి జడ ఒకరోజు వదులైంది. మర్నాడు ఇంకొంచెం వదులైంది. నీలిమ వెనక్కి కూడా తిరక్కుండా అద్దంలో చూసుకుంటూ, "ఏటత్తయ్యా, నా మీద మోజు తీరిపోనాదా, జడ ఇలా ఏలాడతంది" అంది. వెనకనుంచి "కొత్త తీరిపోనాదిలే" అని నవ్వు వినిపించింది. ఆ నవ్వుకి ముందు ఒక చప్పుడు కూడా వినిపించింది, పళ్ళ మధ్యనుంచి గాలి లోపలికి లాగినట్టు, స్స్ అని. విన్నది. విని, దువ్వెన చిక్కులో పడిందేమో అనుకుంది. అనుకోవడం సులువు కదా. కుడిచెయ్యి పైకెత్తి, చంకలో అంత బిళ్ళ పెట్టుకుని, నరం లాగేస్తుంటే, ఎత్తిన చెయ్యి దించకుండా ఆవిడ మూడు పాయలూ అల్లింది. రోజూ అల్లింది. ఒక్కరోజు మానేస్తే కొత్తకోడలు ఏమనుకుంటుందోనని అల్లింది.

గీరిన రోజు సంగతి తలుచుకోకూడదనుకుంటే బస్సంతా అదే. ఎదురు సీటు వెనక ఎవరో గోరుతో గీసిన పేర్లు కూడా అవే గీతల్లా కనిపిస్తున్నాయి. మధ్యాహ్నం, మేడ మీద, అత్తయ్య పక్కన కూర్చుని చూస్తుంటే, తను జడ కొస పట్టుకుని ఆడిస్తోంది, నెత్తళ్ళు ఎగిరెగిరి పడుతోంది. కింద మావయ్య స్కూటరు చప్పుడైంది, చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశాడు, మేడమెట్ల మీద బూట్ల చప్పుడు, ఆరేసిన యూనిఫాం తీసుకోవడానికి కాబోలు. నీలిమ కంగారులో కూనని అత్తయ్య చేతుల్లోకి తోసేసి, "దాచీండత్తయ్యా, దాచీండి" అని తను ట్యాంకు వెనక దూరింది. ఆదిలక్ష్మమ్మ దాన్ని కొంగులో చుట్టేసి కుడిచేత్తో పొట్టకి అదుముకుంది. ఉక్కిరిబిక్కిరైన కూన కొంగులోంచి కాలు బయటపెట్టి మణికట్టు నుంచి కిందకి గీరింది. అత్తయ్య కిక్కురుమనలేదు. "సేతికేటది, రత్తం?" అన్నాడు మావయ్య. "తోటకూర కోత్తంటే కత్తిపీట తగిలినాది." "మేడ మీద తోటకూరేటి?" "కిందన కోసి పైకొచ్చినాను. నీకెందుకివన్నీ, సొక్కా తీసుకుని ఎల్లు." ట్యాంకు వెనక నీలిమ నోరు రెండు చేతుల్తో మూసుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేంత నవ్వింది. తర్వాత అత్తయ్య ఆ గీతల మీద పసుపద్దుకుంది, సబ్బుతో కడుక్కోమని చెప్పాలని తనకి తోచనేలేదు. తోచలేదా? డిగ్రీలో జువాలజీ చదివింది. మనిషి బొమ్మ వేసి, చంకల్లో, గజ్జల్లో, మెడ కింద గింజల్లా గుండ్రాలు పెట్టి, చేతికి తగిలిన విషమంతా ముందు చంకలో గింజ దగ్గర ఆగుతుంది, అది వాచి మనిషిని కాపాడుతుంది అని రాసి, లెక్చరరు చేత శభాష్ అనిపించుకుంది. ఆ బొమ్మ వేసిన చేత్తోనే సున్నం, బెల్లం నూరింది.

అవును, ఆ పట్టు కూడా తనే నూరింది. అత్తయ్య పుట్టింట్లో ఏ సెగ్గడ్డకైనా అదే వైద్యం, సున్నం బెల్లం కలిపి పట్టు వేస్తే గడ్డ పండి చితుకుతుందని. చంకలో వేడి చేసిందమ్మా, చిన్న గడ్డ, అంది అత్తయ్య, అదీ జ్వరం వచ్చి దాచలేకపోయాక. నీలిమ అరచేతిలో సున్నం, బెల్లం నలుపుతుంటే అది వేడెక్కి జిగురై వేళ్ళకంటుకుంది, అది కూడా సరదాగానే ఉంది, ప్రాక్టికల్ క్లాసులా. అది సెగ్గడ్డ కాదు, పైన చితికేది కాదు. లోపలి బిళ్ళ అలాగే ఉంది, పైన చర్మం మాత్రం కమిలి పొక్కింది. ఆ రాత్రంతా అత్తయ్య చెయ్యి ఒంటికి ఆనించలేక దిండు మీద ఎత్తిపెట్టుకుని పడుకుందని మావయ్య తర్వాత చెప్పాడు. ఎన్‌ఏడీ వంతెన మీదకి బస్సు ఎక్కింది, కింద బళ్ళన్నీ బొమ్మల్లా ఉన్నాయి, ఎప్పుడు ఈ వంతెన ఎక్కినా నీలిమకి పొట్టలో చిన్నగా గిలిగింత పెడుతుంది, జెయింట్ వీలులో పైకెళ్ళినట్టు. ఇవాళా పెట్టింది. సిగ్గేసింది. ఈ పొట్టకి సిగ్గులేదా, దేనికైనా సంతోషపడుతుందా?

సంతోషపడింది కూడా. అదే అసలు చెప్పుకోలేనిది. స్కానింగు తీసి, రొమ్ము ఫోటో తీసి, చంకలోకి సూది గుచ్చి నీరు లాగి, ఫలితానికి ఇన్ని రోజులు పడుతుందని పంపేశాక ఆ ఇల్లు ఇల్లులా లేదు. మావయ్య టీవీ పెట్టడం మానేశాడు. సాయిశంకర్ ఫోనులో ఏవేవో చదివి, చదివింది చెప్పకుండా, ఒకరోజు సాయంత్రం గదిలోకొచ్చి నీలిమ ఒళ్ళో తల పెట్టుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. "అమ్మనేకండా ఎలాగుంతాను నీలూ" అన్నాడు. నీలిమ అతని జుట్టులో వేళ్ళు పోనిచ్చి నిమిరింది, నిమురుతూ, పెళ్ళయ్యాక ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు కదా అనుకుంది. ఒక్క మాటతో ఆ ఏడుపు ఆగుతుంది. పిల్లి గీరిందండీ, అదే కావచ్చండీ, అంటే చాలు. అనకుండా నిమిరింది. మర్నాడు మనసు బాగోలేదని బీచికి తీసుకెళితే మురీ మిక్స్చరు పొట్లం పట్టుకుని, నిమ్మరసం ఎక్కువ పిండించుకుని, అది అయిపోయేవరకూ అత్తయ్య సంగతే గుర్తురాలేదు. అడుగున మిగిలిన పల్లీల కోసం ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా.

షీలానగర్ దగ్గర పోర్టు వైపునుంచి వచ్చే కంటైనరు లారీలు అడ్డం తిరిగి బస్సు ఆగిపోయింది. ఎర్రది, నీలిది, మళ్ళీ ఎర్రది. వీటిలో ఏదో ఒకటి పొద్దున్న ఆయన దింపిందే అయ్యుంటుంది అని రోజూ అనుకునే మాటే అనుకుంది. రోజూ లాగే ముద్దొచ్చింది. ఆ వెంటనే ఆసుపత్రి గది. డాక్టరమ్మ అత్తయ్య చెయ్యి మెల్లగా ఎత్తి చూస్తూ అడిగింది, చంకలో వెంట్రుకలు తీస్తారా, లోపలికి మళ్ళి పెరిగినా గడ్డ కడుతుంది, ఏమైనా సెంట్లూ పౌడర్లూ రాస్తారా, చేతికి ఈమధ్య దెబ్బ తగిలిందా, వేలికి చిన్న పుండైనా సరే చంకలో బిళ్ళ కడుతుంది, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, పిల్లి గానీ కుక్క గానీ గీరిందా. అత్తయ్య అన్నిటికీ లేదు లేదు అంటూ వచ్చి, పిల్లి దగ్గర ఒక్క క్షణం నీలిమ ముఖంలోకి చూసింది. బల్ల కింద ఆవిడ కాలు వచ్చి నీలిమ కాలిని నొక్కింది. "పిల్లా? మాయింట పిల్లెక్కడిది తల్లీ, మా ఆయన పడనిత్తాడేటి?" డాక్టరమ్మ నీలిమ వైపు చూసింది, చదువుకున్న పిల్ల కదా అన్నట్టు. మణికట్టు మీద గీతలు అప్పటికే మానిపోయి, గాజుల కింద దాగిపోయాయి. నీలిమ గోడ మీది క్యాలెండరు చూసింది. దాని మీద సముద్రం బొమ్మ. ఆ చూపుకి ఎంత ఖరీదు కట్టాలి? ఆ చూపు వల్లే కదా డాక్టరమ్మ తల పంకించి, మరి రొమ్ము పరీక్ష కూడా చేయిద్దాం, అంది. అత్తయ్య ఆ మాట విని తిరుగుదారంతా ఆటోలో కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, "నెత్తళ్ళుకి తలకాయలు ఏసినావా?" అని అడిగింది.

పాత గాజువాకలో దిగి సందులోకి నడిచింది. చెప్తే మావయ్య ఆ మాట వెనక్కి తీసుకుంటాడు. నీ కాలు మంచిది అన్న మాట. ఒక్కసారే అన్నాడు, ఇంకా వేడిగా ఉంది, అప్పుడే తీసుకుంటాడు. చెప్పకపోతే రేపు డాక్టరమ్మ టీబీ అంటుంది, అత్తయ్య నెలల తరబడి పెద్ద పెద్ద మాత్రలు మింగుతుంది, ఎర్రగా ఉచ్చ పోసుకుంటూ, అన్నం సయించక, పొద్దున్నే దువ్వెన పట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది. కూర్చుంటుంది, అదీ భయం. మానదు.

మావయ్య మధ్యాహ్నపు బి-షిఫ్టుకి తయారై, హెల్మెట్టు చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. నీలిమని చూడగానే జేబులోంచి బెల్లంముక్క తీసి నోట్లో పెట్టేశాడు, వద్దనే వ్యవధి కూడా ఇవ్వకుండా. గుమ్మంలో అత్తయ్య, కుడిచెయ్యి ఒంటికి ఎడంగా, చంకలో కనపడని బిందె ఉన్నట్టు పెట్టుకుని, నవ్వుతోంది. పక్కన దువ్వెన. "రా, కూసో, ఏటా జుత్తు, దెయ్యంలాగున్నావు. మంచి కబురు తెచ్చినదానివి మంచిగా ఉండాల." బెల్లం నోట్లో కరుగుతుంటే నీలిమ అలవాటుగా వెళ్ళి ఆ మోకాళ్ళ మధ్య కూర్చుంది. ఊడిపోయిన జడ విప్పుతున్న వేళ్ళు తెలిశాయి. దువ్వెన నడినెత్తి మీద ఆనింది. పైన చెయ్యి లేచింది. స్స్.

నీలిమ ఆ చేతిని గాలిలోనే పట్టుకుంది, మెల్లగా దించి అత్తయ్య ఒళ్ళో పెట్టింది. లేచి, విప్పిన జుట్టుతోనే మేడమెట్లెక్కింది. వెనకనుంచి "ఎక్కడికే" అంటోంది అత్తయ్య, కింద స్కూటరు కిక్కు కొడుతున్న చప్పుడు. నెత్తళ్ళు అట్టపెట్టెలో పొట్ట పైకి పెట్టి నిద్రపోతోంది. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కిందకి దిగి, వాకిట్లోకొచ్చి, స్కూటరు ముందు నిలబడింది.

"మావయ్యా, ఇది మనింటిదే. మేడ మీద దాచినాం. నాను ఇచ్చీసి దాక్కుంతే అత్తయ్య కొంగులో చుట్టినారు, అప్పుడు గీరినాది. కత్తిపీట కాదు. ఆ బిళ్ళ దీనివల్లే. డాక్టరమ్మ మొదటిరోజే పిల్లుందా అనడిగితే మాటాడకండా ఊరుకున్నాను. ఇందాక మల్లీ అడిగినాది, తెలీదన్నట్టు మాటాడినాను. ఈయనకీ తెలీదు, గీరినట్టు." ఒక్క ఊపిరిలో అంది, చదువుకున్న తెలుగు ఎటు పోయిందో, పుట్టింటి మాటే వచ్చింది.

"దాని మాటినకు" అంది అత్తయ్య, గుమ్మం పట్టుకుని లేస్తూ. "నానే పెంచినాను, నానే డాక్టరమ్మకి నేదన్నాను, సిన్నపిల్ల, దానికేటి తెలుసు."

"నాకు తెలుసత్తయ్యా" అంది నీలిమ. "చదువుకున్నాను."

రమణమూర్తి స్కూటరు ఆపాడు. స్టాండేశాడు. హెల్మెట్టు అద్దానికి తగిలించాడు. ఇద్దరి ముఖాలూ చూడకుండా లోపలికెళ్ళి, పెరట్లో కాళ్ళు కడుక్కుని, కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకుని తాగి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎన్నోసార్లు తలుపు చాటునుంచి చూసి నవ్వుకున్న తంతు అది. ఇవాళ నీలిమ చేతుల్లో పిల్లి ఆవులించింది, ఎవరూ నవ్వలేదు. మిగతా పనివాళ్ళని తీసుకెళ్ళే షిఫ్టు బస్సు హారను మెయిన్‌రోడ్డు మీద వినిపించి దూరమైంది. ఆయన పెళ్ళాం మణికట్టు వంక చూస్తూ కూర్చున్నాడు, గాజుల కింద ఏం కనిపిస్తాయని. చూసి చూసి, "అయితే ఆ కత్తిపీటకి తోక కూడా ఉన్నాదన్నమాట" అన్నాడు. అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో.

నీలిమ వైపు తిరిగినప్పుడు ఆయన ముఖంలో ఆ హాస్యం లేదు. "రోజూ దేవుడి ముందర కూసుని మీ అత్తనొదిలీ, నన్ను తీసుకెల్లిపో అని మొక్కినాను. నువ్వు వంటింట్లో వింతానే ఉన్నావు" అన్నాడు. వింటూనే ఉంది. పిల్లి జుట్టుకొసలు పట్టుకోబోతే నీలిమ తల వెనక్కి తీసుకుంది. కాలు మంచిదన్న మాట ఆయన వెనక్కి తీసుకోలేదు, మళ్ళీ అననూ లేదు.

"రేపు నాను సెలవెడతాను" అన్నాడు చివరికి. "పొద్దున్నే ముగ్గురం ఎల్దాం. డాక్టరమ్మకి నువ్వే సెప్పాల, ఇప్పుడు నాకు సెప్పినట్టే, ఒక్క ముక్క మింగకండా. ఈ పిల్లినేటి సెయ్యాలో అదీ నువ్వే అడుగు. మావోడికి ఇయాల సాయంత్రమే సెప్పు, సేప ముట్టుకోకముందు."

"సెప్తాను మావయ్యా" అంది నీలిమ. పిల్లిని కింద పెట్టి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కొచ్చి, గుమ్మంలో పడున్న దువ్వెన తీసుకుంది. ఆదిలక్ష్మమ్మ చెయ్యి చాచింది, ఇటియ్యి అన్నట్టు. నీలిమ ఇవ్వలేదు.

"రేపు పొద్దున్న మీరే కింద కూచోండి అత్తయ్యా, నాను గుమ్మంలో కూచుంతాను. మీ తల నాను దువ్వి, జడేసి, అప్పుడు ఆసుపత్రికెల్దాం."